హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: లెక్కకి 15 గంటలు, టికెట్‌లో 21 గంటలు

మీరు అడిగింది ఇదీ. అమ్మానాన్నలు మొదటిసారి హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వస్తున్నారు. ఆన్‌లైన్‌లో దూరం 13,500 కిలోమీటర్లని చూపిస్తోంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే 15 గంటల్లో దిగిపోవాలి. కానీ ఏ టికెట్ చూసినా 21 గంటల నుంచి 30 గంటల దాకా ఉంది. మిగతా గంటలు ఎక్కడికి పోతున్నాయి, పెద్దవాళ్ళకి ఏ దారి నయం?

మీ లెక్కలో తప్పేం లేదండి. 13,500 అనేది సరైన అంకే. కాకపోతే అది భూగోళం మీద రెండు ఊళ్ళ మధ్య దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం. ఆ దారం వెంబడి పోయే విమానం లేదు. నేను ఈ రెండు ఊళ్ళ మధ్య ఢిల్లీ మీదుగా, గల్ఫ్ మీదుగా, హాంకాంగ్ మీదుగా, ఒకసారి యూరప్ మీదుగా కూడా తిరిగాను. ఒంటరిగా వెళ్ళాను, మా పెద్దమ్మని వెంటబెట్టుకునీ వెళ్ళాను. అందుకని కిలోమీటర్లు పక్కనపెట్టి, ప్రయాణం నిజంగా ఎలా సాగుతుందో చెప్తాను.

ముందు ఆ దారం ఎటు పోతుందో చూడండి. గోడ మీద పటం చూస్తే అమెరికా ఎడమవైపు ఎక్కడో ఉంటుంది కాబట్టి యూరప్ దాటి, అట్లాంటిక్ దాటి వెళ్ళాలనిపిస్తుంది. గ్లోబు తీసుకుంటే సంగతి వేరు. హైదరాబాద్ నుంచి దగ్గరి దారి దాదాపు ఉత్తరానికి, కాస్త తూర్పుకి ఒరిగి టిబెట్, చైనా, సైబీరియా మీదుగా 71 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుంచి అలాస్కా వైపు దిగి పసిఫిక్ తీరానికి చేరుతుంది. ఇందులో ఓ విశేషం ఉంది. ఢిల్లీ ఇంచుమించు ఈ దారిలోనే పడుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ సుమారు 1,260 కిలోమీటర్లు, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 12,370 దాకా. రెండూ కలిపితే 13,630. అంటే ఢిల్లీలో ఆగినందువల్ల అదనంగా పోయేది 100 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అదే దుబాయ్ మీదుగా అయితే 15,600, దోహా అయితే 15,900, హాంకాంగ్ అయితే 14,850, ఫ్రాంక్‌ఫర్ట్ గానీ లండన్ గానీ అయితే 16,300 అటూ ఇటూ. సింగపూర్ మీదుగా 16,900 దగ్గరికి పోతుంది.

ఈ అంకెలు చూసి ఢిల్లీయే తక్కువ కదా అని వెంటనే బుక్ చేసెయ్యకండి.

ఢిల్లీ నుంచి కూడా ఆ దగ్గరి దారిలో నేరుగా పోలేరు. మొదటి అడ్డం టిబెట్ పీఠభూమి. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకి, అంటే 3 కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. పైనుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో 12 నుంచి 20 నిమిషాలకే వస్తుంది. కింద నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటే ఇక దిగేదెక్కడికి? అందుకే ఎయిర్‌లైన్స్ ఆ ప్రాంతాన్ని వీలైనంత చుట్టేసి పోతాయి.

రెండో అడ్డం దేశాల గొడవలు. ఇది నిజంగా టికెట్ గంటల్ని మార్చేస్తుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదుగా ఎగరడం ఆగిపోయింది. ఢిల్లీకి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నేరుగా నడిపే యునైటెడ్ ఆ మార్చిలో ఆ సర్వీసు ఆపేసింది. ఎయిర్ ఇండియా మాత్రం రష్యా మీదుగానే నడిపింది. ఆ దారి ఎంత నిర్మానుష్యంగా ఉంటుందో 2023 జూన్‌లో అందరికీ తెలిసింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు ఆ చిన్న ఊళ్ళో ఇంకో విమానం వచ్చేదాకా ఉండిపోయారు. ఇంక 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకి మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళేవి ముందు దక్షిణానికి దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఇంధనం కోసం ఆగాయి. ఊళ్ళు అవే, దూరం అదే, ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది.

గల్ఫ్ దారికీ ఈ బెడద ఉంది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కాసేపు మూసేస్తే దోహాకి వస్తున్న విమానాలన్నీ ఎక్కడెక్కడో దిగాయి. కాబట్టి ఏ సైట్‌లోనో రెండేళ్ళ కింద రాసిన ‘ప్రయాణ సమయం’ నమ్మొద్దు. మీరు కొనే తేదీకి ఆ ఎయిర్‌లైన్ ఇచ్చిన షెడ్యూలే లెక్క.

మూడోది గాలి. అసలు మజా ఇక్కడే ఉంది. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. చలికాలంలో జపాన్ మీద, ఉత్తర పసిఫిక్ మీద ఇది ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. దాంతోపాటు పోతే విమానం కొట్టుకుపోతున్నట్టు పోతుంది. ఎదురైతే ఏటికి ఎదురీతే. హాంకాంగ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి పన్నెండు గంటల చిల్లర పడుతుంది. అదే విమానం తిరిగి వచ్చేటప్పుడు పద్నాలుగున్నర, పదిహేను. దూరం మాత్రం రెండువైపులా ఒకటే, 11,100 కిలోమీటర్లు.

సీటు ముందు తెర మీద మ్యాప్ పెట్టుకుని కూర్చోవడం నాకు సరదా. సినిమాలకన్నా అదే బాగుంటుంది. జనవరిలో జపాన్ దాటి పసిఫిక్ మీదికి వచ్చాక నేల మీద వేగం 1,100 దాటి చూపించింది. పక్కనే బయటి ఉష్ణోగ్రత మైనస్ 57. అదే నెలలో తిరుగు ప్రయాణంలో ఆ వేగం 750 దగ్గర నిలబడిపోయి ఎంతసేపటికీ పైకి లేవలేదు. ఇంజిన్లు మాత్రం రెండుసార్లూ ఒకేలా మోగుతున్నాయి. గంటకు 900 అనేది చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం పోయే వేగం, నేలతో పోలిస్తే కాదు. మీ పదిహేను గంటల లెక్క తప్పడానికి ఇదో కారణం.

ఈ గాలిని వాడుకునే ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో ఓ పని చేసింది. అంతకుముందు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ మీదుగా వెళ్ళేవాళ్ళు. దాన్ని మార్చి బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్ దాటించి పసిఫిక్ మీదుగా తీసుకెళ్ళారు. ఈ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, పాతదానికన్నా 1,400 ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారికన్నా ముందే. దూరం పెరిగి, సమయం తగ్గి, ఇంధనం కూడా కలిసొచ్చింది. ఎంత దూరం అని కాదు, గాలి ఎటు అని అడగాల్సింది.

ధ్రువం మీదుగా వెళ్ళడం సంగతీ అడుగుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉన్న బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. దాదాపు 14,000 కిలోమీటర్లు, పదిహేడు గంటల ప్రయాణం. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా నేరుగా విమానం మొదలైంది, మనవాళ్ళు ఎంతో సంబరపడ్డారు గానీ అది నిలవలేదు. గల్ఫ్ నుంచి వెళ్ళేవాళ్ళకి ధ్రువం ఇంకా దగ్గర. దుబాయ్, శాన్‌ఫ్రాన్సిస్కో గ్లోబు మీద దాదాపు ఎదురెదురు రేఖాంశాల్లో ఉన్నాయి. అందుకే వాటి మధ్య దగ్గరి దారి ధ్రువానికి 200 కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. రోజూ సరిగ్గా ఆ గీత మీదే వెళ్తారని కాదు. అంత చలిలో రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే స్థాయికి చేరకుండా చూసుకోవాలి. ఇబ్బంది వస్తే దిగడానికి విమానాశ్రయం అందుబాటులో ఉండాలి. ఆ రోజు గాలి కూడా కలిసిరావాలి.

ఇప్పుడు మీ అమ్మానాన్నల విషయం. ఢిల్లీ మీదుగా అయితే రెండు గంటల చిల్లర, తర్వాత మధ్యలో మూడు గంటలు, తర్వాత పదహారు గంటలు. మీరు చూసిన 21 గంటల టికెట్ ఇలాంటిదే అయ్యుంటుంది. గల్ఫ్ అయితే నాలుగు గంటలు, తర్వాత పదహారు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో మొదటి విమానం తొమ్మిది పది గంటలు, రెండోది పదకొండు, పదకొండున్నర. కాగితం మీద గల్ఫ్ దారికీ యూరప్ దారికీ గంటల్లో పెద్ద తేడా ఉండదు. ఒంటికి మాత్రం చాలా తేడా ఉంటుంది. పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నరకం. పదో గంట నుంచి మా పెద్దమ్మ ప్రతి అరగంటకీ లేచి వెనక కిచెన్ దగ్గర నిలబడేది. ఎయిర్ హోస్టెస్ ఆవిడకి మంచి స్నేహితురాలైపోయింది కూడా. మరోపక్క, కొత్తగా వెళ్ళేవాళ్ళకి మధ్యలో భాష తెలియని పెద్ద ఎయిర్‌పోర్టులో గేటు వెతుక్కోవడం టెన్షన్. ఢిల్లీలో అయితే హిందీ, ఇంగ్లీషు రాకపోయినా ఎవరో ఒక తెలుగువాళ్ళు దొరుకుతారు. గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లోనూ అంతే, హైదరాబాద్ నుంచి వచ్చే విమానంలో సగం మంది మనవాళ్ళే కదా.

నా అభిప్రాయం అడిగితే, ఆరోగ్యం బాగుండి కనెక్షన్ల భయం ఎక్కువైతే ఢిల్లీ. కాళ్ళవాపులు, మోకాళ్ళ నొప్పులు ఉంటే యూరప్‌లో నాలుగు గంటలు ఆగేది. వీల్‌చైర్ అడిగితే గేటు వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. యూరప్ అయితే ట్రాన్సిట్ వీసా నిబంధన బుక్ చేసే ముందే ఆ దేశపు అధికారిక సైట్‌లో చూసుకోండి. గంటన్నర లేఓవర్ (రెండు విమానాల మధ్య ఆగే సమయం) ఉన్న టికెట్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. మొదటి విమానం నలభై నిమిషాలు లేటైతే చాలు, సెక్యూరిటీ క్యూలోనే మిగతా టైమ్ అయిపోతుంది. మూడు నుంచి ఐదు గంటలు హాయి. మొత్తం ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండాలి, ఇది మాత్రం ఖచ్చితం. వేరువేరుగా కొన్న టికెట్లలో మొదటిది లేటైతే రెండో కంపెనీవాళ్ళకి సంబంధం లేదు. టికెట్ కొనగానే వీల్‌చైర్, భోజనం రెండూ నమోదు చేయించండి. శాకాహారమైతే ‘ఏషియన్ వెజిటేరియన్’ అని అడగాలి. ఊరికే వెజిటేరియన్ అంటే ఉడికించిన కూరగాయ ముక్కలు వస్తాయి, అవి మా పెద్దమ్మ ముట్టుకోలేదు.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో ఆగి వెళ్ళే టికెట్ కూడా కనిపిస్తుంది. అక్కడ అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమ్మిగ్రేషన్, లగేజీ తీసుకుని మళ్ళీ ఇవ్వడం అన్నీ ఉంటాయి. మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళకి అది పెట్టొద్దు. నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే ఆ తతంగమంతా మీరు బయట నిలబడి ఉన్న చోటే అయిపోతుంది.

మందుల సంగతి చాలామందికి తట్టదు. మేము జూన్‌లో వెళ్ళాం. ఉత్తరాన అంత పైకి వెళ్ళాక ఆ నెలలో సూర్యుడు అస్తమించడు. కిటికీ మూసినా అంచుల్లోంచి సన్నగా వెలుతురు పడుతూనే ఉంది. పెద్దమ్మ బీపీ మాత్రల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ‘రాత్రి మాత్ర ఎప్పుడు వేసుకోవాలిరా, రాత్రే కావట్లేదు’ అంది. నా ఫోన్‌లో ఇండియా టైమ్ అలాగే ఉంచాను కాబట్టి అది చూసి వేసుకుంది. మీ వాళ్ళకీ చేతి గడియారం మార్చొద్దని చెప్పండి, దిగేదాకా ఇండియా టైమే ఉండనివ్వండి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే బయల్దేరే ముందు డాక్టర్‌ని అడిగి ఏ గంటకి ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. మందులు, చీటీ చేతి బ్యాగులోనే ఉండాలి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి నడవగలిగినంత నడవమనండి, పిక్కలకి పట్టే సాక్స్ వేసుకోవచ్చేమో అదే డాక్టర్‌ని అడగండి.

చివరగా తేదీల తికమక. టికెట్ మీద బయల్దేరే టైమ్, దిగే టైమ్ ఏ ఊరికి ఆ ఊరివి. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, మిగతా రోజుల్లో పదమూడున్నర. జూలైలో ఢిల్లీ నుంచి తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరి పదహారు గంటలు ఎగిరితే మన టైమ్ రాత్రి 8, అక్కడ అదే రోజు ఉదయం ఏడున్నర. మూడున్నర గంటల్లో అమెరికా వెళ్ళిపోయినట్టు కనిపిస్తుంది. వచ్చేటప్పుడు ఈ లాభం అంతా వడ్డీతో కక్కించేస్తారు. అక్కడ ఉదయం 10కి ఎక్కితే ఢిల్లీలో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం రెండున్నర. ఇంకో సంగతి, తెల్లవారుజామున 4 గంటల విమానం అంటే ఆ తేదీకి ముందు రోజు రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ విమానం కూడా ముందు రోజు సాయంత్రానిదే అవుతుంది. మా బంధువుల్లో ఒకరు టికెట్ మీద 12వ తేదీ అని చూసి 12 రాత్రికి క్యాబ్ చెప్పుకున్నారు, విమానం ఆ తెల్లవారుజామునే వెళ్ళిపోయింది.

తిరుగు టికెట్ నవంబరులో పెట్టుకుంటే మొదటి ఆదివారం ఎప్పుడో చూసుకుని, హైదరాబాద్‌లో రిసీవ్ చేసుకునేవాళ్ళకి టైమ్‌తో పాటు తేదీ కూడా విడిగా చెప్పండి. మేము తిరిగి వచ్చినప్పుడు ఢిల్లీలో లగేజీ తీసుకుని, కస్టమ్స్ దాటి, హైదరాబాద్ విమానానికి మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. అందుకని వచ్చేటప్పుడు ఢిల్లీలో లేఓవర్ వెళ్ళేటప్పటికన్నా ఓ గంట ఎక్కువ పెట్టండి.